బండారు పెట్టిన నాలుక

ఈరమ్మ నోరు మూసుకుందంటే ఊళ్ళో మొదట ఎవరూ నమ్మలేదు. ఆమె బోరింగు దగ్గర బిందె పెట్టి మాట మొదలుపెడితే, పక్క వీధిలో జొన్నలు చెరిగే ఆడవాళ్ళు చేట ఆపి వినేవాళ్ళు. అట్లాంటి మనిషి ఆ చలికాలంలో అడిగినదానికి తల ఊపడం, ఊఁ అనడం, కొంగు మూతికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. తోడికోడలితో చెడినప్పటి నుంచి మనసు విరిగిందని కొందరు జాలిపడ్డారు. తప్పు చేసినదానికి మాటెట్లా వస్తుందని ఇంకొందరు మూతి తిప్పారు. భర్త లక్ష్మప్ప మాత్రం, పెళ్ళయినాక ఇల్లు ఇంత నెమ్మదిగా ఉండడం ఇదే మొదలని లోలోపల సంతోషపడ్డాడు. పాపం, ఆయనకేం తెలుసు!

అసలు సంగతి ఈరమ్మ నాలుక కింద ఉంది. కార్తీకం వెళ్ళినాక ఒక ఉదయం జొన్నరొట్టె నములుతుంటే నాలుక అడుగున ఎడమపక్క మెత్తగా ఏదో తగిలింది. రొట్టె ముక్క ఇరుక్కుందనుకుని నీళ్ళు పుక్కిలించింది. పోలేదు. లోపలింట్లోకి పోయి కుంకుమ భరిణ అద్దం పట్టుకుని, నాలుక పైకెత్తి చూసుకుంది. లేత నీలం రంగులో, నీళ్ళు నిండిన పొక్కులాగా, శనగగింజంత గడ్డ. చూసిన మరుక్షణం ఆమెకు జబ్బు భయం కంటే ముందు ఇంకొక భయం పట్టుకుంది. దీపావళి ముందర ఒక మంగళవారం, ఆమె సుంకులమ్మ గుడిలో ఆ నాలుక మీదే బండారు పెట్టుకుని ప్రమాణం చేసింది.

ఆ ఊరు ఎమ్మిగనూరుకూ ఆదోనికీ నడుమ, రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కడం అక్కడివాళ్ళకు నామోషీ. మాట తేలనప్పుడు సుంకులమ్మ దగ్గరికి పోతారు. అమ్మవారి పాదాల దగ్గరి పసుపును బండారు అంటారు. ఒక చిటికెడు నాలుక మీద వేసుకుని, "నేను ఫలానా పని చేసివుంటే జాతర తిరిగొచ్చే లోపల అమ్మ చూపించాల" అని చెప్పి మింగాలి. ఆ తర్వాత ఊరంతా ఎదురుచూస్తుంది. ఆ మనిషికి జ్వరమొచ్చినా, కాలు బెణికినా, ఆఖరికి బర్రె పాలివ్వకపోయినా లెక్కలోకే వస్తుంది. చలికాలంలో దగ్గు పట్టని మనిషి ఎవరని మాత్రం ఎవరూ అడగరు.

ఈరమ్మకు ఆ గతి పట్టింది గౌరి పెళ్ళి వల్ల. గౌరి ఆమె మరిది కూతురు. మరిది పెండ్లాం దేవక్క కాన్పు కష్టమై నెలలకొద్దీ మంచం పట్టినప్పుడు, ఆ పసిగుడ్డుకు ఆవుపాలు పట్టి పెంచింది ఈరమ్మే. రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. ఆ పిల్ల ఏ ఇంట్లో తిని ఏ ఇంట్లో పడుకునేదో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆదోనిలో హాస్టల్లో ఉండి నర్సింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. కోడుమూరులో ఎరువుల అంగడి పెట్టుకున్న మంజునాథ్ అనే పిల్లవాడితో సంబంధం కుదిరింది. తాంబూలాలకు రోజు కూడా చూసుకున్నారు. అంతలో పిల్లవాడి తల్లి ఫోన్ చేసి, "మీ పాపకు మూర్ఛ వస్తాదంట కదా, దాచిపెట్టి అంటగడతారా?" అని కడిగేసింది. ఎవరు చెప్పారని దేవక్క అడిగితే, "మీ ఇంటి మనిషే సెప్పినాది. పేరు మావాడు సెప్పడంలే" అని పెట్టేసింది.

ఈరమ్మ పుట్టిల్లు కోడుమూరు. ఆ ముందటి వారమే తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకలకు అక్కడికి పోయివచ్చింది. ఇంకేం కావాలి! దేవక్క ఆ సాయంత్రమే గోడ ఇవతలికి వచ్చి, నోటికొచ్చినట్టు తిట్టింది. "నీకు కడుపు పండలే, నా కూతురు బాగుపడితే సూడలేకపోతివి" అనేసింది. అంత మాట అన్నాక ఈరమ్మ ఇంకేమీ వినలేదు. "పా, గుడికి పోదాం. ఆ మాట నేను అనింటే నా నోరే పుచ్చిపోవాల" అంది. అన్నట్టే నలుగురి ముందర బండారు మింగింది.

ఇప్పుడు ఆ నోట్లోనే గడ్డ.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడమంటే ఒప్పుకోవడమే. రొట్టె మానేసి సంగటి జారుగా చేసుకుని తాగింది. పళ్ళు జివ్వుమంటున్నాయని లక్ష్మప్పకు అబద్ధం చెప్పింది. గడ్డ శనగగింజ నుంచి రేగుపండంత అయింది. నాలుకకు చోటు చాలక మాట ముద్దముద్దగా వచ్చేది. అది బయటపడకూడదనే ఆమె మాటలు మానుకుంది.

మాట్లాడకుండా కూర్చుంటే మనిషికి ఆలోచనలు ఎక్కువవుతాయి. మొదట్లో ఆమెకు తన మీద గట్టి నమ్మకం. నేను అనలేదు, అంతే. తర్వాత ఆ నమ్మకానికి బీటలు పడ్డాయి. కోడుమూరులో ఆ రోజు పిల్లవాడి మేనత్త తన పక్కనే కూర్చుని బువ్వ తిన్నది. గౌరి గురించి అడిగింది. తాను పొంగిపోయి ఏమేమో చెప్పింది. పిల్ల రెండేళ్ళప్పుడు జ్వరం నెత్తికెక్కి కళ్ళు తేలేస్తే, భుజాన వేసుకుని ఎమ్మిగనూరు డాక్టరు దగ్గరికి పరుగెత్తిన సంగతి ఆమెకు ఇష్టమైన కథ. వందమందికి చెప్పివుంటుంది. ఆ రోజు కూడా చెప్పిందా? చెప్పినట్టే ఉంది. చెప్పనట్టూ ఉంది. కళ్ళు తేలేసిందనే మాటను మేనత్త మూర్ఛగా మార్చిందేమో! నా నోటితో నేనే నా బిడ్డ పెళ్ళి చెడగొట్టి, అమ్మవారి ముందర అబద్ధం ఆడినానేమో! అందరూ తనను అనుమానించినప్పుడు ఈరమ్మకు కోపం వచ్చింది. తనను తాను అనుమానించడం మొదలయ్యాక ఏడుపు వచ్చింది.

ఒక శుక్రవారం గుడికి పోయి, చెప్పివుంటే తప్పు కాయమని దండం పెట్టుకుని వచ్చింది. ఆ మధ్యాహ్నమే గడ్డ పగిలింది. జిగురుగా, గుడ్డు తెల్లసొనలాగా నీళ్ళు ఉమ్మింది. అద్దంలో చూసుకుంటే నాలుక కింద చదునుగా ఉంది. ఆ పూట ఈరమ్మ రెండు రొట్టెలు తిని, వీధిలోకి వచ్చి, పోయేవాళ్ళనందరినీ ఆపి పలకరించింది. వారం తిరగక ముందే గడ్డ మళ్ళీ నిండింది. దాంతో ఆమెకు మిగిలిన ఆ కాస్త అనుమానం కూడా పోయింది. అంటే చెప్పినాను. తప్పు ఒప్పుకున్నాను కాబట్టి పగిలింది, దేవక్క ముందర ఒప్పుకోలేదు కాబట్టి మళ్ళీ నిండింది. తనకు తానే శిక్ష వేసుకోవడంలో ఎంత తెలివిగా లెక్క కట్టిందో చూడండి!

గౌరి సెలవులకు వచ్చింది అప్పుడే. తల్లి వద్దంటున్నా వినకుండా గోడ దాటి వచ్చి, "పెద్దమ్మా, ఉగ్గాని సెయ్యవా?" అని పొయ్యి దగ్గర కూర్చుంది. ఈరమ్మ మాట్లాడక తప్పలేదు. రెండు మాటలకే పిల్ల తల ఎత్తి చూసింది.

"నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"ఏం లేదు."

"మాట అట్ల యాల వస్తాంది? సూపించు."

ఈరమ్మ మొహం తిప్పుకుంది. గౌరి లేచి ఆమె గడ్డం పట్టుకుని వాకిలి వెలుతురులోకి తిప్పింది. చిన్నప్పుడు తాను మట్టి తింటే పెద్దమ్మ ఎట్లా పట్టుకునేదో అట్లాగే పట్టుకుంది. ఈరమ్మ నాలుక ఎత్తింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"ప్రమాణం సేసినాక వచ్చినాది," అంది ఈరమ్మ. అనేసినాక ఆగలేకపోయింది. "నేనే అన్నట్టుండాది గౌరీ. నీకు జ్వరమొచ్చిన కత సెప్పినా సూడు, దాన్నే వాళ్ళు మూర్ఛ అనుకున్యారు. నీ బతుకు నేనే సెడగొట్టినా. అమ్మ సూపించింది."

"రేపే ఆదోనికి పోదాం. డాక్టరుకు సూపిద్దాం."

"దేవుని పనికి డాక్టరేం సేస్తాడు? ఊరంతా తెలుస్తాది. నేను రాను."

ఆమె ఎంత చెప్పినా కదలదని గౌరికి తెలుసు. పొయ్యి ముందర కూలబడింది. తర్వాత తల వంచుకుని చెప్పింది.

"నువ్వు అనలే పెద్దమ్మా. మంజునాథ్‌కు ఫోన్ సేసి నాకు మూర్ఛ వస్తాదని సెప్పింది నేను. పెళ్ళి అయితే సదువు మాన్పించి అంగట్లో కూర్చోబెడతామన్నారు. ఆఖరి పరీక్షలన్నా రాయనీమని అమ్మతో ఎంత మొత్తుకున్నా వినలే. నా పేరు సెప్పొద్దని ఆ పిల్లోడి కాళ్ళ మీద పడినంత పని సేసినా. నీ మీదికి వస్తాదనుకోలే. బండారు సంగతి అయిపోయినాక తెలిసినాది. నువ్వు అనలే కదా, నీకేం కాదులే, జాతర పోతే అందరూ మరిసిపోతారనుకున్నా."

ఈరమ్మకు కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. ఊరి ముందర తాను దొంగలా నిలబడింది. తిట్లు తిన్నది. ఇన్ని దినాలు తనను తానే తిట్టుకుంది. ఈ పిల్ల హాస్టల్లో కూర్చుని మరిసిపోతారులే అనుకుందా! లాగి ఒకటి ఇద్దామని చెయ్యి లేచింది. కానీ గౌరి ఏడుపు మొహం చూసి ఆ చెయ్యి కొంగు సర్దుకోవడానికి పోయింది. పెంచిన చెయ్యి కదా, దానికి అలవాటు లేదు.

కాసేపటికి కోపం కింది నుంచి ఇంకొకటి పైకి వచ్చింది. తాను అనలేదు! తన నోరు మంచిదే! ఇన్నాళ్ళ బరువు దిగినట్టయి, అంతలోనే ఆమె నాలుకతో ఆ గడ్డను తడుముకుంది.

"మరి నేను అననప్పుడు, ఈ గడ్డ నాకెందుకొచ్చింది?"

గౌరి లేచి, "ఆ మాట డాక్టరునే అడుగుదాం పా," అంది.

అడగాల్సిన ప్రశ్న ఉంది కాబట్టి ఈరమ్మ బస్సెక్కింది. ఆదోని దాకా గౌరితో ఒక్క మాట మాట్లాడలేదు. అయినా దిగేటప్పుడు పిల్ల సంచి మరిచిపోతే తీసి చేతికిచ్చింది.

నోటి జబ్బులు చూసే డాక్టరమ్మ పేరు సబా. ఆదోనిలోనే పుట్టి పెరిగిన మనిషి. ఈరమ్మను కుర్చీలో వెనక్కి వాల్చి, లైటు పెట్టి, నాలుక ఎత్తించి చూసింది. తొడుగు వేసుకున్న వేలితో గడ్డను తడిమి, దవడ కిందా మెడ పక్కనా నొక్కి చూసింది. అది మధ్యలో పగిలి మళ్ళీ నిండిందా అని తనే అడిగింది. ఈరమ్మ ఆశ్చర్యపోయి తల ఊపింది.

"ఇది ఎంగిలి సంచి అమ్మా," అంది సబా. "నాలుక కింద ఎంగిలి ఊరే గ్రంథులు ఉంటాయి. ఆ ఎంగిలి నోట్లోకి వచ్చేదానికి సన్నని దారులు. దారి యాడన్నా తెగినా మూసుకున్నా, ఎంగిలి బయటికి రాక చర్మం కిందనే చేరుకుంటాది. నిండితే ఉబ్బుతాది, పగిలితే తగ్గుతాది, మళ్ళా నిండుతాది. కప్ప గొంతు ఉబ్బినట్టు ఉంటాదని దీనికి డాక్టర్లు కప్ప పేరే పెట్టినారు."

"అబద్ధం సెప్పినోళ్ళకేనా వచ్చేది?" అని అడిగింది ఈరమ్మ. ఆమె అంత దూరం వచ్చింది ఆ ఒక్క మాట అడగడానికే.

సబా నవ్వబోయి, ఈరమ్మ కళ్ళు చూసి ఆపుకుంది. "అట్లయితే ఆదోనిలో నాకు తిండి తినే తీరిక కూడా ఉండదు కదమ్మా. నీకు నాలుక కింద ఎప్పుడన్నా దెబ్బ తగిలిందా? ముల్లు గానీ, ఎముక గానీ గుచ్చుకుందా?"

లేదని చెప్పబోయి ఈరమ్మ ఆగింది. దసరాకు ముందు బోరు కింద చేనుకు వేరుశనగ విత్తనం ఒలిచారు. విత్తనం కాయల్ని, అదే బుడ్డల్ని, మిషన్లో వేస్తే పప్పు మీది పొర చీలి మొలక రాదని చేత్తోనే ఒలుస్తారు. పొద్దున్నుంచి ఒలిస్తే వేళ్ళు పగిలిపోతాయి. అప్పుడు ఆడవాళ్ళంతా చేసే పనే ఈరమ్మా చేసింది. బుడ్డను పళ్ళ మధ్య పెట్టి కొరికి, పప్పు ఒళ్ళోకి రాల్చింది. అట్లా కొరికినప్పుడు పెంకు విరిగి నాలుక కింద గుచ్చుకుంది. రక్తం ఉమ్మేసి, ఎవరు ఎక్కువ ఒలుస్తారని పందెం మీద ఉన్నారు కాబట్టి ఇంకొక బుడ్డ తీసుకుంది. మళ్ళీ దాని ఊసే ఎత్తలేదు.

"అది ప్రమాణానికి ముందే," అంది ఈరమ్మ నెమ్మదిగా.

"దానివల్లనే కావచ్చు. చాలామందికి కారణమే తెలీదు. నీకు గుర్తుకొచ్చింది, మంచిదే."

ఈరమ్మ అంతటితో వదల్లేదు. కడుపులో ఉన్న రెండో భయం కూడా అడిగింది. "కేన్సర్ కాదు కదా?"

"సూస్తే అట్ల లేదు. అయినా తీసినాక ముక్కను పరీక్షకు పంపుతాం, కంటితో సూసి ఒట్టు పెట్టను. నోట్లో గడ్డలు చానా రకాలమ్మా. అంగిట్లో ఎముక బొడిపె కొందరికి ఎప్పటి నుంచో ఉంటాది, ఒకనాడు నాలుకకు తగిలి అప్పుడే వచ్చిందని అదిరిపోతారు. చెంప మాటిమాటికీ కొరుక్కునేవాళ్ళకు ఆడ చిన్న కండ లేస్తాది. అవేం సెయ్యవు. గట్టిగా ఉండే గడ్డ, రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, ముట్టుకుంటే రక్తం వచ్చేది, వాటికి భయపడాల. పొగాకు, గుట్కా నమిలేవాళ్ళు ఇంకా భయపడాల. ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చుకోగూడదు. నువ్వు ఇన్నాళ్ళు దాచినావు సూడు, ఆ గట్టి రకమే అయివుంటే?"

ఊరికే పొడిస్తే మళ్ళీ నిండుతుందనీ, మత్తిచ్చి గ్రంథితో సహా తీసేయాలనీ సబా చెప్పింది. లక్ష్మప్పను పిలిపించారు. ఆయన ఆసుపత్రి వసారాలో కూర్చుని, ఇల్లు నెమ్మదిగా ఉందని సంతోషపడినందుకు తనను తాను తిట్టుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆపరేషన్ బాగా జరిగింది. పరీక్షకు పంపిన ముక్కలో చెడ్డదేమీ లేదని ఆ తర్వాత కబురు వచ్చింది.

ఇంటికి తిరిగి వచ్చే బస్సులో ఈరమ్మ మొదటిసారిగా గౌరి చెయ్యి పట్టుకుంది. కుట్లున్న నోటితో, మెల్లగా, "మీ అమ్మకు నేను సెప్పను. నీ నోటితో నువ్వే సెప్పాల," అంది. గౌరి తల వంచుకుంది.

వచ్చిన మర్నాడు పొద్దున దేవక్క జొన్న గంజి పట్టుకుని వచ్చింది. ప్రమాణం తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదలు. గడ్డ సంగతి అప్పటికి ఊరంతా పాకింది. గిన్నె కింద పెట్టి, మంచం పక్కన నిలబడి, పెద్దమనసు చేసుకున్నదానిలా మాట్లాడింది. "తీసేసినారంట కదక్కా. అమ్మ సూపించింది, మళ్ళా అమ్మే తీసేసింది. నీ తప్పు కాసింది. నాకూ కోపం పోయింది, పోనీలే."

ఈరమ్మ మంచం మీది చాపలోని పుల్ల ఒకటి గోటితో గిల్లుతూ ఉండిపోయింది. వంటింటి వాకిట్లో నిలబడ్డ గౌరి ముందుకు వచ్చింది.

"అమ్మా, ఆ మాట సెప్పింది నేను."

దేవక్క నవ్వింది. "పెద్దమ్మ మీద ప్రేమ ఉండాల్సిందే. అట్లని ఆమె తప్పు నీ నెత్తిన ఏసుకుంటావా?"

గౌరి ఆగలేదు. ఫోన్ ఎప్పుడు చేసిందో, మంజునాథ్ ఏమన్నాడో, తన పేరు చెప్పొద్దని ఎట్లా ఏడ్చిందో అన్నీ చెప్పింది. దేవక్క నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. చివరకు కూతురి చెయ్యి పట్టుకుని బరబరా వాకిట్లోకి ఈడ్చింది. "నోరు తెరువు," అంది. "తెరువే, సూస్తా."

గౌరి నోరు తెరిచింది. దేవక్క ఆమె తలను ఎండకు తిప్పి, నాలుక కింద చూసింది. వేలు పెట్టి రెండు చెంపలూ తడిమింది. అంగిలి చూసింది. మళ్ళీ నాలుక ఎత్తించింది. వెతికినకొద్దీ ఆ నోరు శుభ్రంగా కనిపించింది.

"ఏమీ లేదే," అంది దేవక్క. "అబద్ధం సెప్పినదానికి ఏమీ కాలేదు. ఏమీ అననిదానికేమో..."

కూతురి గడ్డం మీద చెయ్యి అట్లాగే ఉంది. సుంకులమ్మ అంత పెద్ద తప్పు చేసిందని దేవక్క అనుకోలేదు. గడ్డ దేన్నీ చూపించలేదని అప్పుడు ఆమెకు అర్థమైంది. గొడ్రాలని తాను అన్న మాట, నలుగురి ముందర ఆ మనిషి బండారు మింగేదాకా తేవడం, ఇన్నాళ్ళు గోడకు అవతల కూర్చుని ఆమెకు ఏం జరుగుతుందా అని కాచుకోవడం, అన్నీ తానే చేసిన పనులని తెలిసింది. ఆమెకు సిగ్గేసింది. అక్క కళ్ళలోకి చూడలేకపోయింది.

లోపలికి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. "నొప్పిగా ఉండెనా అక్కా?" అని అడిగింది.

ఇన్నాళ్ళలో ఆ ఇంటి నుంచి ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఎక్కువగా మాట్లాడొద్దని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఈరమ్మ జవాబు చెప్పింది.

"గడ్డ నొయ్యలే దేవక్కా."

దేవక్క ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. గంజి చల్లారిపోతోందని గౌరి గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి పోయింది.